ఫేడర్ మీద చెయ్యి వేసే ముందు

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో పాట రికార్డు చేయాలంటే ఇప్పుడు ఎవరూ మద్రాసు రైలెక్కడం లేదు. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో మిద్దె మీద ఒక గది, ఒక కంప్యూటరు, ఒక మైకు, రెండు స్పీకర్లు చాలు. పొద్దున పాడిన చెక్కభజన పాట సాయంత్రానికి యూట్యూబులో ఉంటోంది. పాడేవాళ్ల గొంతుల్లో లోటు లేదు, వాయించేవాళ్ల చేతుల్లోనూ లేదు. పాట దెబ్బతినేది మిక్సింగు దగ్గర. గదిలో దద్దరిల్లిన పాటను గుడి మీది హారన్‌లో వేస్తే మాట అర్థం కాదు. ఫోనులో వేస్తే డోలు మాయమవుతుంది. కారులో వేస్తే డోలు తప్ప ఇంకేదీ మిగలదు.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: "సౌండు పెంచబ్బా, ఇనపల్లేదు!" గొంతు పెంచుతారు, డోలు వెనకబడినట్టు ఉంటుంది. డోలు పెంచుతారు, చెక్కలు తగ్గినట్టు ఉంటాయి. చెక్కలూ పెంచుతారు. చివరికి అన్నీ పైకి చేరి మీటరులో ఎర్ర లైటు వెలుగుతుంది. మాట మాత్రం ఇంకా వినపడదు.

ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోవలసింది రెండు కొలతలను విడదీసి చూడటం. ఒక శబ్దం ఎక్కడ ఉందో చెప్పేది ఫ్రీక్వెన్సీ. అది ఎంత ఉందో చెప్పేది డెసిబెల్. మిక్సింగులో వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం "ఎక్కడ" అన్న దగ్గర పుట్టినవే. మనం వాటిని "ఎంత" అన్న మీటతో తీర్చాలని చూస్తాం. అందుకే తీరవు. ముందు ఎక్కడో తేల్చండి, ఆ తరువాతే ఎంతో.

శ్రుతి తెలిస్తే హెర్ట్జ్ తెలిసినట్టే

సెకనుకు ఒక్క కంపనం ఒక హెర్ట్జ్. మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుందని అంటారు. వయసు పెరిగేకొద్దీ పై భాగం తగ్గుతూ వస్తుంది. ఈ అంకెలు చూసి బెదరనక్కర్లేదు. భజన పాడేవాళ్లందరికీ ఈ లెక్క చెవిలో ముందే ఉంది. హార్మోనియం మీద ఒకటి శ్రుతికి మధ్యస్థాయి షడ్జమం పట్టుకుంటే అది దాదాపు 262 హెర్ట్జ్. దాని కింది స్థాయి షడ్జమం 131, పై స్థాయిది 523. స్థాయి మారినప్పుడల్లా అంకె రెట్టింపు అవుతుంది. పంచమం షడ్జమానికి ఒకటిన్నర రెట్లు, అంటే 262కి దాదాపు 392. ఈ లెక్కన 20 నుంచి 20,000 దాకా ఉన్న మొత్తం పరిధి సుమారు పది స్థాయిలు. సంగీతం పాడుకునే స్థాయిలు మూడో నాలుగో. మిగిలినవన్నీ ఆ స్వరాల మీద పేరుకునే అనుస్వరాలకు, చప్పుళ్లకు, ఊపిరికి చెందినవి.

కాబట్టి పది ప్రాంతాల పేర్లు చెవికి అలవాటు చేసుకోండి: 31, 63, 125, 250, 500, 1,000, 2,000, 4,000, 8,000, 16,000. ఒక్కొక్కటి ఒక్కో స్థాయి. 63 చుట్టుపక్కల డోలు దెబ్బ గుండెకు తగులుతుంది. 125 నుంచి 250 దాకా మగగొంతు నిండుదనం. 300 నుంచి 600 మధ్య ఎక్కువైతే పాటంతా డబ్బా సౌండు అవుతుంది. 1,000 దగ్గర ముక్కుతో పాడినట్టు ఉంటుంది. 2,000 నుంచి 4,000 దాకా ఉన్నది మాట. 5,000 నుంచి 8,000 దాకా "స", "శ", "ష" బుసలు. 10,000 దాటాక గజ్జెల మెరుపు, ఊపిరి.

వీటిలో 2,000 నుంచి 4,000 దాకా ఉన్న ప్రాంతాన్ని గురించి ఎక్కువ చెప్పాలి. చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. ఆ పొడవు వల్లే అది 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని తానే పెంచి లోపలికి పంపుతుంది. అచ్చుల బలమంతా చాలావరకు 1,000 లోపే ఉంటుంది. "క"కూ "త"కూ తేడా, "ప"కూ "ట"కూ తేడా తెలిసేది ఈ పై ప్రాంతంలోనే. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పాటలో ఆ అచ్చును సాగదీస్తాం. హల్లు ఒక్క క్షణం మెరిసి పోతుంది. ఆ క్షణాన్ని ఇంకో వాద్యం కప్పేస్తే రాగం వినిపిస్తుంది కానీ సాహిత్యం చేరదు. అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక ఉన్న నేల మనది. ఇక్కడ పాటలో మాట వినపడకపోతే నాకు బాధగా ఉంటుంది.

మాటకు అంత పెద్ద పరిధి అక్కర్లేదనడానికి కడప ఆకాశవాణే సాక్ష్యం. ఆ కేంద్రం పేరుతో చెప్పే 900 కిలోహెర్ట్జ్ అన్నది గాలిలో వచ్చే రేడియో తరంగం లెక్క, చెవికి వినిపించేది కాదు. మీడియం వేవ్ కేంద్రాలను 9 కిలోహెర్ట్జ్ ఎడంగా పేర్చడం వల్ల వాటి మీద వచ్చే పాట, మాట దాదాపు 5,000 హెర్ట్జ్ దాటవు. అయినా పొలంలో చెట్టుకు తగిలించిన ట్రాన్సిస్టర్‌లో వార్తలు పొల్లుపోకుండా వినిపించేవి. మెరుపు లేకపోయినా మాట నిలబడింది. కొత్తగా మిక్సింగు నేర్చుకునేవాళ్లు చాలామంది 10,000 పైన మెరుపు పెంచడానికి కష్టపడతారు. కష్టపడవలసింది 3,000 దగ్గర.

ఒకే సీటు కోసం తోపులాట

చెక్కభజన పాటనే తీసుకుందాం. ముందు పాడే గురువు గొంతు ఒకటి, వంత పాడే బృందం, హార్మోనియం, డోలక్ లేదా తబలా, ఇరవై చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు. చెక్కలలోని లోహపు బిళ్లల చప్పుడు 3,000 నుంచి 10,000 దాకా పరుచుకుంటుంది. హార్మోనియం స్వరాలు ఎంతో కింద మొదలైనా దాని అనుస్వరాలు బలంగా 3,000 దాకా ఎగబాకుతాయి. గొంతు ఉండేదీ అక్కడే. దసరా ముందు రోజు ఆళ్లగడ్డ బస్సులో ముగ్గురి సీటులో ఆరుగురు కూర్చున్నట్టు ఉంటుంది పరిస్థితి. ఎంత గట్టిగా అరిచినా చోటు పెరగదు. ఎవరో ఒకరు పక్కకు జరగాలి.

జరపడానికి ఉన్న పనిముట్టు ఈక్వలైజర్. నేను పాటించే వరుస ఇది. ముందు గొంతు ట్రాక్‌లో 80 హెర్ట్జ్ దిగువ ఉన్నదంతా కోసేస్తాను. ఆడగొంతైతే 120 దాకా కోసినా నష్టం లేదు. అక్కడ ఉండేది గొంతు కాదు, ఫ్యాను గాలి, మైకు స్టాండు అదురు. చెక్కల ట్రాక్‌లో 500 దిగువ కోసేయాలి. గజ్జెల ట్రాక్‌లో ఇంకా పైదాకా. ఆ తరువాత హార్మోనియంలో 2,500 దగ్గర 3 డెసిబెళ్లు తగ్గించి గొంతు వినాలి. చెక్కల్లో 3,000 దగ్గర ఇంకో 3 తగ్గించాలి. గొంతు ఫేడర్‌ను ఒక్క పిసరు కూడా కదపకపోయినా గొంతు ముందుకు వస్తుంది. ఈ అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. మీ హార్మోనియం రీడ్లు వేరు, మీ చెక్కల బరువు వేరు. ఆపవలసిన చోటు చెవే చెప్పాలి. పెంచే మీట కంటే తగ్గించే మీట మేలు అన్నది మాత్రం ఏ పాటకైనా వర్తిస్తుంది.

తాళవాద్యాల సంగతి కాస్త వేరు. 1920లో సి.వి. రామన్, శివకాళీ కుమార్‌తో కలిసి 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. మామూలు చర్మవాద్యంలో అనుస్వరాలు శ్రుతికి కుదరవు. తబలా, మృదంగాల మీద ఉండే నల్లటి కరణి వల్ల అవి శ్రుతికి కుదురుతాయని అందులో చూపించారు. రామన్ చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. మన వాద్యాల మీద ఆయనకున్న మక్కువ చదివినప్పుడల్లా సంతోషం కలుగుతుంది. మిక్సింగు చేసేవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఉంది. తబలాను పాట శ్రుతికి కలిపారో లేదో రికార్డుకు ముందే చూడాలి. కలపని తబలాను ఈక్వలైజరు బాగుచేయలేదు. తప్పెటకు కరణి లేదు, దానికి స్థిరమైన శ్రుతి ఉండదు. కాబట్టి దానిలో అడ్డొచ్చే ఫ్రీక్వెన్సీని నిర్భయంగా కోయవచ్చు. తప్పెట ప్రాణం పుల్ల తగిలిన చప్పుడులోనూ, కింది గుమికిలోనూ ఉంటుంది. మధ్యలో ఉన్నదాన్ని కొంత వదిలేసినా అది తప్పెటే.

డెసిబెల్ ఒక నిష్పత్తి

డెసిబెల్ కిలో లాంటి తూకం కాదు. ఒకదానికి ఇంకొకటి ఎన్ని రెట్లో చెప్పే లెక్క. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద 1920లలో అమెరికా టెలిఫోను ఇంజనీర్లు దీన్ని వాడుకలోకి తెచ్చారు. దేనితో పోల్చి చెబుతున్నారో తెలియకపోతే డెసిబెల్ అంకెకు అర్థం లేదు. గాలిలోని శబ్దానికి పోలిక 20 మైక్రోపాస్కల్ పీడనం, అంటే చెవికి వినీవినపడని అంచు. అది 0 డెసిబెల్. కంప్యూటరులో పోలిక వేరు. అక్కడ 0 అంటే పైకప్పు, అంతకు మించి అంకె లేదు. అందుకే కంప్యూటరు మీటరులో అన్నీ మైనస్ అంకెలు. గదిలో 70 డెసిబెళ్ల శబ్దం, మీటరులో మైనస్ 18, రెండూ ఒకే పాటకు ఒకే క్షణంలో నిజం కావచ్చు.

గుర్తుంచుకోవలసినవి నాలుగే. ఆంప్లిఫయర్ శక్తి రెట్టింపైతే 3 డెసిబెళ్లు పెరుగుతుంది. పీడనం, వోల్టేజీ రెట్టింపైతే 6. శక్తి పది రెట్లైతే 10. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించడానికి కావలసింది కూడా సుమారు 10. చివరి రెండూ కలిపి చదవండి. 100 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 200 వాట్లది కొంటే వచ్చేది 3 డెసిబెళ్లు. తేడా తెలుస్తుంది, అంతే. రెట్టింపు గట్టిగా వినపడాలంటే 1,000 వాట్లు కావాలి. ఊరి భజన మందిరానికి చందాలు పోగుచేసి మైకు సెట్టు కొనేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. వాట్ల కంటే స్పీకరు సెన్సిటివిటీ ఎంతో అడగాలి. ఒక్క వాటుకు ఒక్క మీటరు దూరంలో 90 డెసిబెళ్లు ఇచ్చే స్పీకరుకు బదులు 96 ఇచ్చేది దొరికితే ఆంప్లిఫయరును నాలుగు రెట్లు పెంచినంత లాభం.

దూరం లెక్క కూడా ఇదే పద్ధతి. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్లు తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 100 ఉంటే 2 మీటర్ల దగ్గర 94, 4 మీటర్ల దగ్గర 88, 32 మీటర్ల దగ్గర 70. వెనక వరుసలో ఉన్నవాళ్లకు చాలాలని ముందు వరుస చెవులు చిల్లులు పడేలా పెట్టడం కంటే, సగం దూరంలో ఇంకో చిన్న స్పీకరు పెట్టడం ఎంతో మేలు.

ఇక కంప్యూటరులో. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు అత్యధిక శిఖరం మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య ఉంటే చాలు. మీటరు నిండాలన్న తాపత్రయం వద్దు. కడప పెద్ద దర్గా ఉరుసులో ఖవ్వాలీ విన్నవాళ్లకు ఆ చప్పట్ల బలం తెలుసు. అలాంటి పాటలో మీటరును పైకి ఎగరేసేది చప్పట్లే. అవి ఒక్కో క్షణం మెరిసి పోతాయి. చెవి మాత్రం సగటును బట్టి గట్టిదనాన్ని లెక్కేస్తుంది. చప్పట్ల శిఖరాన్ని కంప్రెసర్‌తో 4, 5 డెసిబెళ్లు అణిస్తే పాట మొత్తానికి అంత జాగా మిగులుతుంది, చప్పట్లు తగ్గినట్టు కూడా అనిపించదు. ఆ సగటును కొలిచే ప్రమాణం పేరు లఫ్స్. యూట్యూబు మైనస్ 14 లఫ్స్ దాటిన పాటను తానే తగ్గించి వినిపిస్తుంది. అంటే మీరు పిండి పిండి గట్టిగా చేసిన పాట అక్కడికి చేరాక అందరి పాటలతో సమానమవుతుంది. పిండినప్పుడు పోయిన జీవం మాత్రం తిరిగి రాదు.

చెవికి ఒక స్థిరమైన కొలత

1933లో బెల్ లేబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఒక విషయం కొలిచి చూపించారు. తక్కువ శబ్దంలో చెవికి కింది ఫ్రీక్వెన్సీలు సరిగా వినపడవు. 1,000 హెర్ట్జ్ శబ్దం 40 డెసిబెళ్ల దగ్గర ఎంత గట్టిగా అనిపిస్తుందో, 100 హెర్ట్జ్ శబ్దం అంతే గట్టిగా అనిపించాలంటే ఇంకా 20 డెసిబెళ్లకు పైగా కావాలి. శబ్దం పెంచేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది.

దీని ఫలితం మీ గదిలో రోజూ కనిపిస్తుంది. బాగా గట్టిగా పెట్టుకుని మిక్స్ చేస్తే డోలు నిండుగా అనిపించి తగ్గిస్తారు, ఇంట్లో మెల్లగా వినేవాళ్లకు అది ఉండదు. రాత్రి ఎవరూ లేవకూడదని మెల్లగా పెట్టుకుని చేస్తే డోలు చాలదనిపించి పెంచుతారు, జాతరలో పెద్ద బాక్సుల్లో వేసేసరికి అది అన్నిటినీ మింగేస్తుంది. కాబట్టి ఒక గట్టిదనం ఎంచుకోండి. చిన్న గదికి మీరు కూర్చునే చోట 75 డెసిబెళ్లు సరిపోతుంది. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుంటే చాలు. అది అచ్చం నిజం చెప్పకపోయినా ప్రతిరోజూ ఒకే తీరుగా చెబుతుంది. మనకు కావలసింది ఆ నిలకడే. ఆంప్లిఫయర్ మీట మీద ఆ చోట ఒక గీత పెట్టండి. గంటకోసారి పది నిమిషాలు బయటికి వెళ్లండి. మధ్యలో ఒకసారి బాగా తగ్గించి, మాట అప్పుడూ వినిపిస్తోందా లేదా చూడండి.

ఇంకో వల కూడా ఉంది. రెండు శబ్దాల్లో ఒకటి ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా అదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఈక్వలైజరు వేశాక "బాగుందే" అనిపిస్తే, బాగుపడిందో గట్టిపడిందో ముందు తేల్చుకోవాలి. వేయకముందూ వేసిన తరువాతా గట్టిదనం సమానం చేసి, కళ్లు మూసుకుని మార్చి మార్చి వినండి. మీ మిక్స్‌ను పేరున్న పాటతో పోల్చేటప్పుడూ అంతే. ఆ పాటను తగ్గించి మీ పాటకు సమానంగా తెచ్చుకోకపోతే ప్రతిసారీ మీరే ఓడిపోయినట్టు అనిపిస్తుంది.

బండల గది

మన ఇళ్ల నేల బేతంచెర్ల బండలు, కడప బండలు. వేసవిలో కాళ్లకు చల్లన. శబ్దానికి మాత్రం అవి అద్దం. నున్నటి రాయి మీద పడిన శబ్దంలో నూటికి తొంభై ఏడు పాళ్లు పైగా వెనక్కి వస్తుంది. పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు కూడా అంతే. చప్పట్లు కొట్టి చూడండి, "ట్రింగ్" మని వెనక్కి మోగుతుంది. ఆ గదిలో విన్న గొంతులో సగం గొంతు, సగం గోడ.

దీనికంటే పెద్ద ఇబ్బంది కింది ఫ్రీక్వెన్సీలది. మన వేడికి శబ్ద వేగం సెకనుకు దాదాపు 350 మీటర్లు. 100 హెర్ట్జ్ అల పొడవు మూడున్నర మీటర్లు, 10,000 హెర్ట్జ్ అల పొడవు మూడున్నర సెంటీమీటర్లు. పది అడుగుల గదిలో రెండు గోడల మధ్య సరిగ్గా ఇమిడే సగం అల ఫ్రీక్వెన్సీ సుమారు 57 హెర్ట్జ్. అది గోడ పక్కన గుబగుబలాడుతుంది, గది మధ్యలో దాదాపు మాయమవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది అడుగులే అయితే మూడు దిక్కుల నుంచీ అదే 57 పోగవుతుంది. అలాంటి గది నట్టనడుమ కుర్చీ వేసుకున్నవాళ్లు డోలు వినపడక పెంచుతూనే ఉంటారు. తప్పు చెవిది కాదు, కుర్చీది. కుర్చీని ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంలో వేయండి. పది అడుగుల గదికి దాదాపు 3 అడుగుల 10 అంగుళాలు. స్పీకర్లు రెండూ, మీ తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలి. ట్వీటర్లు చెవి ఎత్తులో ఉండాలి.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం చాలాచోట్ల చూస్తాం. వాటివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. శబ్దాన్ని పీల్చడానికి మందం, బరువు ఉన్న పీచు కావాలి. ఆదోని పత్తి మార్కెట్టు మన కర్నూలు జిల్లాలోనే ఉంది. నాలుగు అంగుళాల పత్తి పరుపు గోడకు ఆనిస్తే సుమారు 900 హెర్ట్జ్ నుంచి పైన బాగా పీలుస్తుంది. దాన్నే మూలకు అడ్డంగా, వెనక ఖాళీ ఉండేలా నిలబెడితే ఇంకా కిందిదాకా పనిచేస్తుంది. పాత పరుపులు నాలుగు మూలలా నిలబెట్టి, మీకు రెండు పక్కలా గోడల మీద మందమైన బొంతలు వేలాడదీసి, బండల మీద ఒక జంపఖానా పరిచారంటే గది మాట వినడం మొదలుపెడుతుంది. 57 హెర్ట్జ్‌ను ఏ పరుపూ మింగలేదు. అక్కడ మాత్రం హెడ్‌ఫోన్‌లో ఒకసారి సరిచూసుకోవడమే దారి.

గదిలో నిరంతరం "మ్..." అనే మోత ఉంటే అది మన కరెంటుది. 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. దాన్ని ఈక్వలైజరుతో కోసే ముందు ఎర్తింగ్ చూడండి. మన నేల ఎండిపోయినప్పుడు ఎర్త్ గుంత పనిచేయడం తగ్గుతుంది, ఎందుకంటే పొడి మట్టిలో కరెంటు సులభంగా ఇంకదు. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి. మోత తగ్గడం ఒకటే కాదు, మైకు పట్టుకున్నవాళ్లకు షాకు కొట్టే ప్రమాదమూ తగ్గుతుంది. కంప్యూటరు, మిక్సరు, ఆంప్లిఫయరు అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే మోత చాలావరకు అక్కడే ఆగుతుంది.

ఒక్క స్పీకరులో నిలబడాలి

కడప జిల్లా నుంచి వెళ్లిన అన్నదమ్ములు బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి పేర్లు వాహినీ, విజయా సినిమా సంస్థలతో కలిసి ఉన్నాయి. ఆ సంస్థల నుంచి 1951లో వచ్చిన 'మల్లీశ్వరి', 'పాతాళభైరవి', 1957 నాటి 'మాయాబజార్' పాటలు ఇప్పటికీ ఫోనులో వేసినా మాట మాట తెలుస్తుంది. అవన్నీ ఒకే ఛానల్, మోనో. ఎడమా కుడీ లేవు. గొంతుకు ఇవ్వవలసిన చోటు వాద్యం దగ్గరే, మైకు దూరం దగ్గరే ఇచ్చారు. ఇప్పుడు మనకు వంద ట్రాకులున్నాయి. అయినా మన ఊళ్లలో పాట చేరేది ఎక్కువగా మోనోలోనే. గుడి మీది హారన్ మోనో, బల్ల మీద పెట్టిన చిన్న బ్లూటూత్ డబ్బా దాదాపు మోనో, ఊరేగింపు బండి మీది బాక్సులు మోనో.

కాబట్టి మిక్స్‌లో సగం పైగా సమయం మోనో మీట నొక్కి ఉంచి పనిచేయండి. హార్మోనియాన్ని ఎడమకు, చెక్కల్ని కుడికి జరిపి "ఇప్పుడు విడిగా వినిపిస్తున్నాయి" అనుకోవడం సులభం. మోనోలో అవి మళ్లీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఈక్వలైజరుతో విడదీసినవి మాత్రం మోనోలోనూ విడిగానే ఉంటాయి.

హారన్ పరీక్ష కూడా పెట్టుకోండి. హారన్ స్పీకర్లు సుమారు 300 హెర్ట్జ్ దిగువా, 6,000 పైనా పెద్దగా పలకవు. మాస్టర్ ట్రాక్ మీద ఒక ఈక్వలైజరు పెట్టి ఆ రెండు అంచులూ కోసి వినండి. గొంతు, పాట నడక, తాళం మూడూ అర్థమవుతున్నాయా? డోలు 80 హెర్ట్జ్‌లోనే ఉంటే ఇక్కడ పోతుంది. దానికి కొంచెం శాచురేషన్ ఇస్తే 160, 240, 320ల దగ్గర అనుస్వరాలు పుడతాయి. వాటిని విన్న మెదడు, అక్కడ లేని 80ని తానే ఊహించుకుంటుంది. చిన్న ఫోనులోనూ డోలు ఉన్నట్టు అనిపించేది అలాగే.

ఆరుబయట వేసేవాళ్లు వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పగలు వేడెక్కిన నేల మీది గాలి శబ్దాన్ని పైకి వంచుతుంది, దూరానికి చేరదు. రాత్రి నేల చల్లబడ్డాక కిందికి వంచుతుంది, మూడు ఊళ్ల అవతలికీ పోతుంది. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం లాగా రాత్రిపూట జరిగే ఉత్సవాలకు మధ్యాహ్నం పరీక్షించి పెట్టిన సౌండు అందుకే ఎక్కువవుతుంది. చీకటి పడ్డాక మళ్లీ విని తగ్గించాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు కూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఈ అంకెలు మైకు సెట్టు వాళ్లందరికీ నోటికి రావాలి.

రోజూ ఇరవై నిమిషాలు

చెవి సాధనతో పదునెక్కుతుంది. మీకు బాగా తెలిసిన ఒక పాట తీసుకోండి. ఈక్వలైజరులో పైన చెప్పిన పది ప్రాంతాల్లో ఒకదాన్ని 6 డెసిబెళ్లు పెంచమని మీ తమ్ముడికో స్నేహితుడికో చెప్పండి, మీరు చూడకుండా. ఏదో చెప్పండి. మొదట 250కీ 500కీ తేడా తెలియదు, 2,000కీ 4,000కీ అసలే తెలియదు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున విడవకుండా చేస్తే తెలుస్తుంది. ఆపైన 6ను 3కు తగ్గించండి. ఆ తరువాత పెంచడం మాని తగ్గించమనండి. తగ్గినదాన్ని గుర్తుపట్టడం కష్టం, మిక్సింగులో మీకు రోజూ అవసరమయ్యేది అదే. వంద ప్లగిన్లు కొన్నా ఈ సాధనకు సాటి రావు.

సాధన చేసే చెవిని కాపాడుకోవాలి కూడా. 85 డెసిబెళ్ల శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్కకట్టారు. 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి 15 నిమిషాలు. జాతరలో బాక్సుల పక్కన నిలబడితే 100 దాటడం మామూలే, అక్కడ మన కుర్రవాళ్లు తెల్లవార్లూ ఉంటున్నారు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు. ఒకసారి చనిపోయినవి మనిషిలో మళ్లీ మొలవవు. మైకు సెట్టు నడిపే యజమానులు బాక్సుల దగ్గర పనిచేసే ప్రతి పిల్లవాడికీ జాతరల సీజను మొదలు కాకముందే ఇయర్ ప్లగ్‌లు కొనివ్వండి. మందుల షాపులో దొరుకుతాయి.